గర్భస్థ శిశువు నాడీమండలం: సున్నము చేయు పని, చేయలేని పని

శిశువు మెదడు బలంగా ఏర్పడవలెనంటే గర్భిణికి మొదటి నెల నుండియే సున్నము ఎక్కువగా ఇవ్వవలెనా? ఈ ప్రశ్న నన్ను అడగని వారం లేదు. బోనకల్‌లోని మా వైద్యశాలకు మధిర వైపు నుండి, ఖమ్మం నుండి, అప్పుడప్పుడు భద్రాచలం అడవి పల్లెల నుండి కూడా కొత్తగా పెళ్ళయిన దంపతులు వస్తుంటారు. వారికంటె ముందు వారి అత్తగార్లే ఈ ప్రశ్న వేస్తారు. ఒకరిద్దరికి నోటితో చెప్పి ఊరుకొనదగిన విషయం కాదు గనుక ఇక్కడ వివరంగా వ్రాస్తున్నాను.

మన ఇండ్లలో ఆచారం ఇట్లున్నది. కొందరు తమలపాకుకు సున్నం రాసి నమలమంటారు. కొందరు సున్నపుతేటను మజ్జిగలో కలిపి త్రాగిస్తారు. స్తోమతు కలవారు శంఖభస్మం, ప్రవాళభస్మం, ముత్యభస్మం కొని తేనెలో రంగరించి నాకిస్తారు. చదువుకున్న కోడళ్ళు మందుల దుకాణానికి వెళ్ళి కాల్షియం మాత్రలు తామే అడిగి తెచ్చుకుంటున్నారు. వస్తువు మారినదే గాని వెనుకనున్న ఆలోచన ఒక్కటే. గోడ కట్టడానికి సున్నం ఎట్లాగో బిడ్డను కట్టడానికీ అట్లాగేనని, ఎంత ఎక్కువ కలిపితే అంత గట్టిదనమని.

ఎముకల విషయంలో ఈ పోలిక కొంతవరకు చెల్లుతుంది. మెదడు, వెన్నుపాము, నాడుల విషయంలో చెల్లదు. గర్భం నిలిచిన తొలి వారాలలో కాల్షియం చేసే పని ఇటుకల మధ్య అతుకు వంటిది కాదు; అది కబురు మోసే పని. కబురుకు కావలసినది పరిమాణం కాదు, వేళ. ఈ భేదం తెలియకపోవడం చేత మనవారు అక్కరలేని వేళ అక్కరలేని వస్తువును ఇచ్చి, నిజంగా అవసరమైన దానిని మరచిపోతున్నారు. ఇది నా అభిప్రాయం. కారణాలు చెబుతాను.

మన శరీరంలోని ప్రతి జీవకణం చుట్టూ ఉన్న ద్రవంలో కాల్షియం సమృద్ధిగా ఉన్నది. కణం లోపల మాత్రం బయట ఉన్నదానిలో సుమారు పదివేలవ వంతే స్వేచ్ఛగా ఉంటుంది. లోపలికి చొరబడిన కొద్దిపాటి కాల్షియంను కూడా కణం ఎప్పటికప్పుడు బయటికి తోడివేస్తుంది, లేదా లోపలి అరలలో దాచివేస్తుంది. కణపు గోడలో సన్నని ద్వారాలు ఉన్నవి. అవి క్షణకాలం తెరుచుకొంటే కాల్షియం లోపలికి దూకుతుంది, ఆ దూకుడే కణానికి ఆజ్ఞ. మా బోనకల్ బ్రాంచి కాలువ క్రింద పొలం ఉన్న రైతుకు ఇది వెంటనే అర్థమవుతుంది. కాలువ నిండుగా పారుతున్నా తూము మూసి ఉంటే మడి ఎండియే ఉంటుంది. ఏ మడికి, ఎప్పుడు, ఎంతసేపు తూము ఎత్తినారన్నదే పంటను నిర్ణయిస్తుంది. కాలువలో ఇంకొక అడుగు నీరు పెంచినంత మాత్రాన మూసిన తూము దానంతట అది తెరుచుకోదు.

ఈ కబుర్లు గర్భం మొదటి ఘడియ నుండియే మొదలవుతాయి. 1970ల చివరలో అమెరికా శాస్త్రజ్ఞుడు లయొనెల్ జాఫీ, ఆయన సహచరులు ఒక చిన్న చేప అండంలోనికి జెల్లీఫిష్ అనే సముద్రజీవి నుండి తీసిన ప్రోటీనును ఎక్కించి చూచినారు. కాల్షియం తగిలితే వెలుగునిచ్చే ప్రోటీను అది. వీర్యకణం అండంలో ప్రవేశించగానే ఆ చోట వెలుగు పుట్టి, అల వలె అండమంతటా ప్రాకి రెండవ అంచున ఆరిపోయింది. ఆ ప్రోటీనును 1962లో వెలికితీసినవాడు జపానుకు చెందిన ఒసాము షిమోమురా. అదే జీవిలోని మరొక వెలుగు ప్రోటీనును కనుగొన్నందుకు ఆయనకు 2008లో నోబెల్ బహుమతి వచ్చింది. మనుషులలోను, ఇతర క్షీరదాలలోను ఈ అల ఒక్కసారితో ఆగదు. గంటల తరబడి మళ్ళీ మళ్ళీ లేస్తుంది. నిద్రలో ఉన్న అండం మేలుకొని పిండంగా మారడం ఆ అలల పనియే.

నాడీమండలం సంగతి ఇంకా విచిత్రమైనది. పిండం మూడు పొరలుగా ఏర్పడినప్పుడు పై పొరలోని కణాలు చర్మం కావచ్చు, మెదడూ నాడులూ కావచ్చు. రెండు దారులూ వాటి ముందు ఉంటాయి. ఫ్రాన్సులోని టూలూజ్ నగరంలో మార్క్ మోరో, కేథరిన్ లెక్లెర్క్ అనే శాస్త్రవేత్తలు 1990ల నుండి కప్ప జాతి పిండాలలో ఈ దశను పరిశీలించినారు. పై పొరలో వీపు వైపున, నాడీకణాలు కావలసిన చోటనే, కాల్షియం మిణుగురుల వలె వెలిగి ఆరుతున్నదని వారు చూచినారు. కాల్షియం లోపలికి వచ్చే ద్వారాలను మందుతో మూసివేస్తే అక్కడ నాడీకణజాలం ఏర్పడలేదు. చర్మమా, మెదడా అన్న తీర్పులో కాల్షియం కబురుకు అంతటి పాత్ర ఉన్నదన్నమాట. ఇవి మానవ గర్భంలో చేయదగిన ప్రయోగాలు కావు. అయినప్పటికీ వెన్నెముక గల జీవులన్నింటిలో తొలి దశలు చాలావరకు ఒకే రీతిగా నడుస్తాయి గనుక మనకు ఇవి విలువైన ఆధారాలు.

తరువాత ఆ కణాలు పలుచని ఫలకంగా పరుచుకొని, రెండు అంచులు పైకి లేచి, ఒకదానినొకటి కలుసుకొని గొట్టంగా మూసుకొంటాయి. దీనిని నాడీనాళం అందాము. పై భాగం మెదడు, క్రింది భాగం వెన్నుపాము అవుతాయి. ఫలకం ముడుచుకొనడానికి ఒక్కొక్క కణమూ తన పై కొనను, సంచి మూతికి కట్టిన త్రాడు లాగినట్లు, బిగించుకోవాలి. ఆ బిగింపుకు కూడా కణంలో కాల్షియం ఉన్నట్టుండి పెరగడం తోడ్పడుతుందని 2017లో కప్ప పిండాలపై వచ్చిన జపాను పరిశోధన చూపినది. ఇంకా తరువాత, ఏ నాడీకణం ఏ రసాయనంతో మాట్లాడవలెనో నిర్ణయించడంలో కూడా కాల్షియం మెరుపుల వేగం పాలుపంచుకొంటుందని కాలిఫోర్నియాలో నికొలస్ స్పిట్జర్ బృందం 2004లో చూపినది.

ఇక్కడ పాఠకులు ఒక లెక్కను శ్రద్ధగా చూడవలెను. మానవ శిశువులో నాడీనాళం గర్భధారణ జరిగిన సుమారు 28వ రోజుకు పూర్తిగా మూసుకొంటుంది. ముట్టు తప్పినదని ఇంట్లో గమనించేసరికి రెండు వారాలు గడిచియే ఉంటాయి. ఇంకొక రెండు వారాలలో తలుపులు మూసుకొన్నట్లే. పరీక్ష చేయించుకొని, పెద్దలకు చెప్పి, మంచిరోజు చూచుకొని వైద్యుని వద్దకు వచ్చేసరికి చాలామందికి ఆ గడువు దాటిపోయి ఉంటుంది. నాళం తల వైపున మూసుకొనకపోతే కపాలమూ మెదడూ ఏర్పడవు. ఆ బిడ్డ బ్రతకడు. క్రింది వైపున మూసుకొనకపోతే వెన్ను చీలి, కాళ్ళు చచ్చుబడి, మలమూత్రాలపై అదుపు లేని స్థితి రావచ్చు. మన దేశంలో వెయ్యి కాన్పులకు నాలుగైదింటిలో ఇట్టి లోపం ఉంటుందని వివిధ అధ్యయనాలను కలిపి 2013లో ఒక అంచనా వచ్చింది. ఇది తక్కువ సంఖ్య కాదు.

మా గురువుగారు సుశ్రుత సంహిత శారీరస్థానం వల్లె వేయిస్తున్నప్పుడు, గర్భంలో ఏ అవయవం ముందు పుడుతుందన్న ఋషుల వాదం వచ్చేది. శౌనకుడు శిరస్సు అన్నాడు. కృతవీర్యుడు హృదయమన్నాడు. నాభి అని ఒకరు, కాలుచేతులని ఇంకొకరు, మొండెమని మరొకరు. చివరకు ధన్వంతరి, అన్నీ ఒక్కసారిగానే మొదలవుతాయి, లేత మామిడిలో వలె అవి సూక్ష్మంగా ఉండి కనబడవు అని తీర్మానించినాడు. ఈ వాదాన్ని చూపి "మన ఋషులకు కాల్షియం అలలు కూడా తెలుసు" అనే మిత్రులు నాకున్నారు. నాకు ఆ మాట రుచించదు. కంటికి కనబడనంత తొందరగానే అన్నీ మొదలవుతాయన్న వారి ఊహ గొప్పది. అంతకుమించి వారి నోట మనం మాటలు పెట్టనక్కరలేదు.

కాని చరకుడు ఒక మాట స్పష్టంగా చెప్పినాడు, దానిని మనవారు మరచినారు. గర్భం నిలిచినదేమో అని అనుమానం కలిగిన మొదటి నెలలో స్త్రీ ఏ ఔషధమూ కలపని పాలను, చల్లారినవి, తగిన మోతాదులో వేళకు త్రాగవలెనని ఆయన విధి. మందులతో కాచిన పాలు రెండవ నెలలో వస్తాయి. మొదటి నెలలో వట్టి పాలే. భస్మం ప్రసక్తి లేదు. ఆయుర్వేదం పేరు చెప్పి మొదటి నెలలోనే భస్మాలు నాకించేవారు ఏ ఆయుర్వేదాన్ని అనుసరిస్తున్నారో నాకు తెలియదు.

ఇక ఎక్కువ సున్నం తింటే ఏమగును? తల్లి రక్తంలో కాల్షియం ప్రతి 100 మిల్లీలీటర్లకు సుమారు 8.5 నుండి 10.5 మిల్లీగ్రాముల మధ్యనే ఉంటుంది. శరీరంలోని కాల్షియంలో 99 వంతులు ఎముకలలో, దంతాలలో నిలువ ఉన్నది. రక్తంలో తగ్గితే మెడలోని చిన్న గ్రంథులు ఎముకల నుండి తీయిస్తాయి. పెరిగితే మూత్రపిండాలు పంపివేస్తాయి. తల్లి ఒకనాడు గంజి త్రాగినా, ఒకనాడు పాయసం తిన్నా పిండం చుట్టూ కాల్షియం దాదాపు ఒకే తీరుగా ఉండడానికే ఈ ఏర్పాటు. నేను చెప్పిన కాలువ ఎల్లప్పుడూ నిండుగానే ఉంటుందన్నమాట. కాబట్టి మొదటి నెలలో చెంచాడు సున్నపుతేట ఎక్కువ త్రాగితే మెదడు చురుకుదనం పెరగదు. సున్నం ఘాటుకు నోరు పొక్కవచ్చు, వేవిళ్ళలో ఉన్న కడుపు మండవచ్చు.

సున్నం మాట అట్లుండగా, భస్మాల విషయంలో దీనికంటె గట్టిగా చెప్పవలసినది ఒకటి ఉన్నది. నా వృత్తిలోని వారికి కోపం వచ్చినా సరే. సీసమనే లోహం కాల్షియం వేషం వేసుకొని తిరుగుతుంది. కాల్షియం కోసం కణం తెరిచిన ద్వారాలలోనే అది దూరుతుంది, కాల్షియం కూర్చోవలసిన చోట కూర్చుంటుంది, నాడీకణాల కబుర్లను చెడగొడుతుంది. కాల్షియం వలెనే ఎముకలలో చేరి ఏండ్ల తరబడి నిలువ ఉంటుంది. గర్భకాలంలో బిడ్డ కోసం తల్లి ఎముకల నుండి కాల్షియం కరిగినప్పుడు సీసం కూడా దానితోపాటు బయటపడి మావి దాటి బిడ్డకు చేరుతుంది. ఎదుగుతున్న మెదడుకు ఇంత మోతాదు వరకు ఫరవాలేదని చెప్పదగిన హద్దు సీసానికి లేదు.

అమెరికాలో అంతర్జాలం ద్వారా అమ్మే 193 ఆయుర్వేద మందులను పరీక్షించగా సుమారు ఐదవ వంతులో సీసం, పాదరసం, పాషాణం వీటిలో ఏదో ఒకటి కనబడినదని 2008లో అక్కడి వైద్య పత్రిక ప్రకటించింది. 2011, 2012 సంవత్సరాలలో న్యూయార్కు నగరంలో, భారతదేశం నుండి తెచ్చుకొన్న ఆయుర్వేద మందులు వాడిన ఆరుగురు గర్భిణుల రక్తంలో సీసం ప్రమాదకరంగా ఉన్నట్లు నగర ఆరోగ్య శాఖ గుర్తించింది. ఇది పరాయివారి కుట్ర అని కొట్టివేయడం సులభమే. నాగభస్మమంటే సీసమేనని ఆయుర్వేద విద్యార్థి ప్రతివాడూ ఎరుగును. శంఖభస్మంలో సీసం ఉండవలసిన పని లేదు. అయితే ఏ కొలిమిలో, ఏ పాత్రలో, ఏ భస్మం చేసిన తరువాత దానిని చేసినారో ఆ పొట్లం మీద వ్రాసి ఉండదు. గర్భం కోరుకొంటున్న స్త్రీకి, మొదటి మూడు నెలల గర్భిణికి లోహభస్మాలు, రసౌషధాలు నేను ఇవ్వను. మగబిడ్డ కోసమని సరిగ్గా ఆ తొలి వారాలలోనే ఇచ్చే పొడుల సంగతి వేరే చెప్పనక్కరలేదు. వాటిని గుమ్మం లోపలికి రానీయకండి.

మరి ఆ 28 రోజులలో నిజంగా అవసరమైనది ఏది? అది ఫోలిక్ ఆమ్లం. దాని చరిత్రలో మన తెలుగువాడు ఉన్నాడు. బొంబాయి బట్టల మిల్లులలో పనిచేసే గర్భిణులకు వచ్చే తీవ్రమైన పాండురోగం ఈస్టు సారంతో నయమవుతున్నదని 1931లో లూసీ విల్స్ అనే ఆంగ్ల వైద్యురాలు వెల్లడించింది. ఆ సారంలోని గుణం ఏమిటన్నది తరువాత తేలినది: అదే ఫోలిక్ ఆమ్లం. దానిని 1945 ప్రాంతంలో ప్రయోగశాలలో తయారుచేసిన అమెరికా లెడర్లీ సంస్థ పరిశోధకులకు నాయకుడు యల్లాప్రగడ సుబ్బారావు. 1895లో భీమవరంలో జన్మించిన ఆయన అన్నదమ్ములలో ఇద్దరిని స్ప్రూ అనే గ్రహణి జాతి వ్యాధికి పోగొట్టుకొన్నాడు. అమెరికా వెళ్ళడానికి ముందు మద్రాసులో ఆచంట లక్ష్మీపతిగారి ఆయుర్వేద కళాశాలలో శరీరశాస్త్రం బోధించినాడు. ఆ తరగతి గదిలో కూర్చున్న విద్యార్థుల అదృష్టం నాకు అసూయ కలిగిస్తుంది. ఫోలిక్ ఆమ్లాన్ని "ఇంగ్లీషు మందు" అని తోసివేసే పాఠకులు ఈ సంగతి గుర్తుంచుకొనవలెను.

1991లో బ్రిటన్ వైద్య పరిశోధన మండలి ఏడు దేశాలలో జరిపిన పరీక్షలో ఒక విషయం నిర్ధారణ అయినది. ఒకసారి నాడీనాళ లోపంతో బిడ్డ పుట్టిన తల్లులు మళ్ళీ గర్భం ధరించకముందు నుండి రోజుకు 4 మిల్లీగ్రాముల ఫోలిక్ ఆమ్లం తీసుకొంటే ఆ లోపం తిరిగి రావడం 72 శాతం తగ్గింది. ఇతర స్త్రీలకు రోజుకు 400 మైక్రోగ్రాములు చాలును. గర్భం కోరుకొన్న నాటి నుండి మొదలుపెట్టి పన్నెండు వారాలు నిండే వరకు వాడవలెను. మన ప్రభుత్వ ఆరోగ్య కార్యక్రమం చెప్పేదీ ఇదే.

కొన్నేండ్ల క్రితం ఒక రైతు కుటుంబం నుండి కోడలిని తీసుకొని అత్తగారు వచ్చింది. మొదటి బిడ్డ వెన్ను చీలి పుట్టి నెల తిరక్కుండానే పోయినాడు. కోడలు సున్నం సరిగా తినకపోవడం వల్లనే అట్లయినదని ఊళ్ళో ఎవరో చెప్పినారట. "ఈసారన్నా గట్టిగా పెడదామనుకుంటున్నామయ్యా, ఎంత పెట్టాలో చెప్పండి" అన్నది ఆమె. కోడలు తల ఎత్తలేదు. "అమ్మా, నీ కోడలు తిన్నదానికీ, తిననిదానికీ ఆ బిడ్డ లోపానికీ సున్నం సంబంధం లేదు" అని చెప్పి, ఖమ్మంలో స్త్రీ వైద్య నిపుణురాలి వద్దకు పంపినాను. గర్భానికి మూడు నెలల ముందు నుండి ఎక్కువ మోతాదు ఫోలిక్ ఆమ్లం ఆమె వాడించింది. రెండవ బిడ్డ నిక్షేపంగా పుట్టినాడు. మందు వల్లనే అని నేను ప్రమాణం చేయలేను. అట్టి తల్లులకు లోపం తిరిగి వచ్చేది నూటికి ముగ్గురు నలుగురికే. కాని ఆ పిల్ల మీద నుండి నింద తొలగినది. బిడ్డ పోయిన దుఃఖానికి తోడు "నీవు సున్నం తినలేదు" అన్న మాట మోస్తున్న తల్లులు మన పల్లెలలో ఎందరున్నారో!

మూర్ఛ వ్యాధికి మందులు వాడుతున్న స్త్రీలకు ఒక హెచ్చరిక. వాల్‌ప్రోయేట్ అనే మందు నాడీనాళ లోపాల ప్రమాదాన్ని పెంచుతుంది. అట్లని గర్భం రాగానే మీకై మీరు మందు మానరాదు, మూర్ఛ వచ్చి తల్లికే ముప్పు. గర్భం కోరుకొనకముందే వైద్యునితో మాట్లాడి మందు మార్పించుకొనవలెను.

మన్ను తినాలనిపించడం, గోడ సున్నం గీరి తినాలనిపించడం కొందరు గర్భిణులకు ఉంటుంది. "ఒంట్లో సున్నం తక్కువై అడుగుతున్నది, తిననీయండి" అంటారు పెద్దలు. చాలామందిలో ఆ కోరికతోపాటు ఉండేది ఇనుము లోపం. మన్ను తినడం వల్ల వచ్చే పాండురోగాన్ని మన శాస్త్రం వేరుగానే పేర్కొన్నది. అటువంటివారికి రక్తపరీక్ష చేయించవలెను. రంగులు వేసిన పాత గోడల పొరలలో, అంగడి మట్టిబిళ్ళలలో సీసం ఉండవచ్చునన్న సంగతి కూడా తెలిసియుండవలెను.

కాల్షియం గర్భిణికి అక్కరలేదని నా మాటలకు అర్థం తీయవద్దు. దాని వేళ తరువాత వస్తుంది. పుట్టేనాటికి బిడ్డ ఎముకలలో సుమారు 30 గ్రాముల కాల్షియం చేరుతుంది. అందులో ఎక్కువ భాగం చివరి మూడు నెలలలోనే. ఆహారంలో కాల్షియం తక్కువైన గర్భిణులకు రక్తపు పోటు, గుర్రపువాతం వచ్చే ముప్పు ఎక్కువ. అందుకే మన కేంద్ర ప్రభుత్వం 2014 మార్గదర్శకాలలో 14వ వారం నుండి కాన్పు తరువాత ఆరు నెలల వరకు రోజుకు రెండు మాత్రలు, ఒక్కొక్కటి 500 మిల్లీగ్రాముల కాల్షియం, డి విటమినుతో కూడినవి, ఇమ్మన్నది. బెంగుళూరులో 11,000 మంది గర్భిణులపై జరిగి 2024లో వెలువడిన పరీక్షలో, పోటును నివారించడంలో రోజుకు 500 మిల్లీగ్రాములు కూడా 1,500 మిల్లీగ్రాములకు తీసిపోలేదని తేలినది. ఇక్కడ సైతం ఎక్కువ తింటే ఎక్కువ మేలన్న లెక్క నిలువలేదు.

వంటింటి సంగతి. 100 గ్రాముల రాగులలో 350 మిల్లీగ్రాముల ప్రాంతంలో కాల్షియం ఉన్నది. నువ్వులలో వెయ్యికి పైన. మునగాకు, తోటకూర 300 దాటుతాయి. గ్లాసెడు పాలలో సుమారు 240. పాలకూరలోనూ కాల్షియం ఉన్నది గాని అందులోని ఆక్సాలిక్ ఆమ్లం దానిని పట్టి ఉంచుతుంది, ఒంటికి తక్కువ అబ్బుతుంది. ఫోలిక్ ఆమ్లం కోసమైతే పాలకూర మంచిదే. ఆకుకూరలను ఉడికించి నీరు పారబోసే అలవాటు మానండి, ఆ విటమిను నీటిలో కరిగి పోతుంది. పెసలు, శనగలు, అలసందలు వారంలో నాలుగు రోజులైనా ఉండవలెను. అయితే ఆకుకూరలు తింటున్నాము గనుక తొలి వారాలలో ఫోలిక్ ఆమ్లం మాత్ర అక్కరలేదని అనుకోవద్దు. ఆ కొద్ది రోజుల అవసరం వంటతో తప్పక తీరుతుందన్న భరోసా లేదు.

నాలుగవ నెల దాటిన తరువాత ఇనుము మాత్ర, కాల్షియం మాత్ర కలిపి మ్రింగకూడదు, ఒకదానినొకటి అడ్డుకొంటాయి. రెండు గంటల ఎడమ ఉండవలెను. కాల్షియం మాత్ర అన్నంతోపాటు, ఇనుము మాత్ర అన్నం తిన్న రెండు గంటలకు, నిమ్మరసంతోనో ఉసిరికాయతోనో. టీ, కాఫీ ఆ దరిదాపులలో వద్దు.